హిసాబు పుస్తకమే మన సాక్షి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



నేను ఉర్దూ బడిలో పంతులును, వ్యాపారిని కాను. నా జీతంలో పన్ను ముందే పట్టుకొని మిగిలింది చేతికిస్తారు. "మా కష్టం నీకేం తెలుసు సాబ్" అని మీరు అడిగితే అడగవచ్చు. అయినా ఈ విషయం మాట్లాడతానని నేనే కోరి ఒప్పుకొన్నాను. కారణం మనవి చేస్తాను.

మా మేనమామ దర్జీ. మనలో ఒక ఆనవాయితీ ఉంది కదా, జనాజా దగ్గర ఇంటివాళ్ళు నిలబడి, "మరహూం ఎవరికైనా బాకీ ఉంటే మాతో చెప్పండి, మేం తీరుస్తాం" అంటారు. మామూ జనాజా దగ్గర ఆ మాట అన్నది నేనే. నలుగురు వచ్చారు. వాళ్ళు చెప్పినంతా నమ్మి తీర్చాం. తీర్చడం మన విధి. మరి మామూకు రావలసిన బాకీల మాటేమిటి? ఆ సంగతి చెప్పడానికి ఒక్కరూ రాలేదు. ఆయన లెక్కంతా తలలోనే ఉండేది, ఆయనతోనే పోయింది. ఆ ఏడాదే మా అత్తమ్మ కుట్టు మిషను అమ్ముకొంది.

ఆ రోజునుంచి నాకు ఒకటే ఆలోచన. మనవాళ్ళు నిజాయితీగా సంపాదిస్తారు. కాని ఆ నిజాయితీకి సాక్ష్యం దాచుకోరు.

పవిత్ర ఖురానులో అన్నిటికంటె పొడవైన ఆయత్ సూరా బఖరాలోని 282వది. అది అప్పులు, లావాదేవీలు రాసుకోవడం గురించే. చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోవాలని, అందుకు విసుక్కోవద్దని దాని తాత్పర్యం. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖాతా అనే మాటలు ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక్కటే. మాటలు మన నోట్లోనే ఉన్నాయి, పుస్తకమే చేతిలో లేదు.

మన సీమ సంగతి మీకు తెలియనిది కాదు. అనంతపురం జిల్లాలో సగటు వాన ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. అదీ సమయానికి పడదు. రైతు "చెనక్కాయలు అమ్మినాక ఇస్తా" అంటాడు. మెకానిక్కు, బట్టలంగడికి, దర్జీకి అదే జవాబు. వాన రాకపోతే ఆ బాకీ మరుసటేటికి పోతుంది. ఒక ఏడు గల్లాపెట్టె నిండుతుంది, రెండేళ్ళు ఖాళీగా ఉంటుంది. ఇలాంటి చోట లెక్క లేకుండా బతకడమంటే కళ్ళకు గంతలు కట్టుకొని నడవడమే.

లెక్క పెద్ద విద్యేమీ కాదు. మా బడిలో కూడికను జమా అంటాం, తీసివేతను తఫ్రీఖ్ అంటాం. ఆ రెండూ వస్తే చాలు. ఒక పొడుగు నోటుబుక్కు తీసుకోండి. రాత్రి అంగడి మూసేముందు తేదీ వేసి నాలుగు గీతల మధ్య రాయండి: నగదుగా వచ్చింది, ఫోనులో వచ్చింది, సరుకుకు పోయింది, ఇంటికి తీసుకొన్నది. అరువులకు వెనక వేరే పేజీలు పెట్టండి. సరుకు బిల్లులు ఒక సంచిలో వేసి కనీసం ఆరేళ్ళు దాచండి. మార్చి 31 రాత్రి ఉన్న సరుకు లెక్కపెట్టి రాసుకోండి. జకాత్ లెక్క కట్టేటప్పుడూ ఈ పుస్తకమే పనికొస్తుంది. నలభయ్యో వంతు తీయాలంటే మొత్తమెంతో తెలియాలి కదా!

అన్నిటికంటె ముఖ్యం ఇంటి డబ్బు వేరు, అంగడి డబ్బు వేరు అని గుర్తుంచుకోవడం. గల్లాలో ఉన్నదంతా లాభం కాదు. అందులో రేపటి సరుకు డబ్బు ఉంది.

ఇక పన్ను సంగతి. చాలామంది "పన్నెండు లక్షల వరకు పన్ను లేదంట కదా, మనకెందుకు రిటర్ను" అంటున్నారు. ఇక్కడే పొరపాటు. 2025-26 సంవత్సరానికి కొత్త విధానంలో ఆదాయం 12 లక్షలదాకా రాయితీవల్ల పన్ను పడదు. నిజమే. కాని ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయవలసిందే. పన్ను లేకపోవడం వేరు, లెక్క చెప్పకపోవడం వేరు.

చిన్న వ్యాపారులకు చట్టంలో ఒక సులువైన దారి ఉంది. 1961 నాటి చట్టంలో అది 44 ఏడీ సెక్షను. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 నాటి కొత్త చట్టంలో నంబరు మారినా పద్ధతి ఉంది. అమ్మకాలు 2 కోట్ల లోపు ఉంటే నగదు అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం లాభంగా చూపవచ్చు. ఉదాహరణకు ఏడాదికి నగదు 10 లక్షలు, ఫోనులో 10 లక్షలు అమ్మారనుకోండి. 80 వేలు, 60 వేలు కలిపి లక్షా 40 వేలు. కాని జ్ఞాపకముంచుకోండి, అది కనీసపు లెక్క. నిజంగా 3 లక్షలు మిగిలితే 3 లక్షలే చూపాలి. ఎంత మిగిలిందో పుస్తకం లేకుండా ఎలా తెలుస్తుంది?

ఫోను డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2025 జూలైలో పొరుగున కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖవారు ఫోను చెల్లింపుల వివరాలు తెప్పించి, సరుకు అమ్మకాలు 40 లక్షలు, సేవలైతే 20 లక్షలు దాటాయంటూ చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులిచ్చారు. బెంగుళూరులో కొందరు భయపడి ఫోను చెల్లింపుల బోర్డులే తీసేశారు. గొడవ జరిగాక పాత బకాయిల విషయంలో ప్రభుత్వం వెనక్కు తగ్గింది. మన రాష్ట్రంలోనూ హద్దులు అవే. బోర్డు తీసేయడం మందు కాదు. చీటీ డబ్బు, బావమరిది పంపిన డబ్బు, అమ్మకం డబ్బు అన్నీ ఒకే నంబరుకు వస్తే ఏది ఏదో పుస్తకమే చెప్పాలి. పాలకు, తాజా కూరగాయలకు జీఎస్టీ లేదు. కాని మీరు అమ్మింది అవేనని చూపేది సరుకు బిల్లులే.

రిటర్నువల్ల మనకు లాభమూ ఉంది. బ్యాంకుకు అప్పుకోసం పోతే రెండు మూడేళ్ళ రిటర్నులు అడుగుతారు. అవి లేనివాడు వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కుతాడు. అల్లాహ్ కాపాడుగాక, లారీ మీద పోయిన మనిషి తిరిగి రాకపోతే, పరిహారం నిర్ణయించేవారు ఆయన సంపాదనకు రుజువు అడుగుతారు. రిటర్ను ఉంటే అది బలమైన రుజువు. లేకపోతే ఏదో అంచనా వేసి ఇస్తారు. అప్పుడు నష్టపోయేది భార్యాబిడ్డలు. కాబట్టి పన్ను పడకపోయినా, ఆదాయం 4 లక్షల లోపే అయినా రిటర్ను వేయడం మంచిది. గడువు ఎప్పుడో ఏటా ముందే కనుక్కోండి. ఆలస్యమైతే రుసుము పడవచ్చు. అప్పుకోసం ఎక్కువగానూ, పన్నుకోసం తక్కువగానూ రాయవద్దు. రెండూ అబద్ధాలే.

ఇంట్లో కుట్టుపని చేసే అక్కాచెల్లెళ్ళకూ ఇదే మాట. మీ సంపాదన కూడా సంపాదనే, మీ పేరున ఒక పుస్తకం ఉండాలి.

చివరగా ఒక్క కోరిక. రాయడం రాని పెద్దలు సిగ్గుపడవద్దు. ఏడో తరగతి చదివే కొడుకునో కూతురినో రాత్రి పది నిమిషాలు పక్కన కూర్చోబెట్టుకోండి. మీరు చెప్పండి, వాళ్ళు రాస్తారు. ఉర్దూలో రాసినా, తెలుగులో రాసినా అంకెలు ఒక్కటే. నా విద్యార్థులకు నేను ఆ పని ఇంటిపనిగా ఇస్తానని ఈ సభలో మాట ఇస్తున్నాను.

రేపు మన జనాజా దగ్గర మన పిల్లలు నిలబడినప్పుడు వాళ్ళ చేతిలో ఒక పుస్తకం ఉండాలి. ఇవ్వవలసింది ఇంత, రావలసింది ఇంత అని వాళ్ళు తలెత్తుకొని చెప్పగలగాలి.

అల్లాహ్ మన కష్టార్జితంలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.