పడవకు ముందు పటము
(ప్రసంగ పాఠము)



ఇల్లు కట్టువారు ముందుగా నేలపై ముగ్గు పోయుదురు. ముగ్గు వంకరయైనచో గోడయు వంకరయగునని మనకందరికి తెలియును. కొయ్య పడవకును అట్టి ముగ్గు కలదు. పడవ ఆకారమును పడవంత పెద్దదిగా నేలపై గీచి, ఆ గీతలనుండి కొయ్యకు కొలత తీయుటయే ఆ పద్ధతి. తీరగ్రామముల పంచాయతీలు దీనిని ఎరిగియుండుట మేలని నా మనవి.

కోరంగి, తాళ్ళరేవు ప్రాంతములకు ఓడల నిర్మాణములో పాత పేరున్నది. 1839 నాటి ఉప్పెన కోరంగి రేవును దెబ్బతీసినను, ఆ విద్య తాళ్ళరేవు వైపున నిలిచినది. అచ్చటి పెద్ద మేస్త్రీలు పటము లేకయే, అనుభవముతోను కంటిచూపుతోను పడవలను తీర్చినవారు. ఆ నేర్పు గొప్పది. కాని మేస్త్రీతోపాటు ఆ కొలతలును పోవును. నేలపై గీచి తీసిన అచ్చులు తరువాతివారికి మిగులును.

చిన్న పటము చాలదా యని మీరడుగవచ్చును. పటము పదవ వంతు పరిమాణములో ఉన్నదనుకొనుడు. అందులో 1 మిల్లీమీటరు తప్పు కొయ్యపై 10 మిల్లీమీటర్లగును. అచ్చట పలక లోపలి వంపుకొయ్యకు ఆనదు. బలవంతముగా బిగించిన పలక క్రమముగా మేకును సడలించును. సందులో నీరు చొచ్చును. నడిసముద్రమున ఆ తప్పునకు ప్రాణములు బలియగును.

ఇక పని జరుగు విధము. 9 మీటర్ల పడవకు 10 మీటర్లకు మించిన చదునైన నేల కావలెను. దానిపై ప్లైవుడ్ పరచి తెల్లరంగు వేయుదురు. దారము బిగించి ఆధారరేఖ గీయుదురు. నిలువు గీతలు మూలమట్టమునకు ఉన్నవో లేవో 3, 4, 5 కొలతల త్రిభుజముతో సరిచూతురు. పిమ్మట పడవను ప్రక్కనుండి చూచినట్లు, పైనుండి చూచినట్లు, అడ్డముగా కోసినట్లు మూడు విధముల గీయుదురు. ఎడమ, కుడి ప్రక్కలు సమానము గనుక పైచూపులో సగము గీచిన చాలును.

పట్టికలోని కొలతల ప్రకారము చుక్కలు పెట్టి, అచ్చట మేకులు నాటి, ముడులు లేని సన్నని పొడుగు బద్దను వానివెంట వంచుదురు. మేస్త్రీ నేలకు వంగి బద్ద వెంబడి చూచును. ఎత్తుపల్లము కనబడిన చోట మేకు తీసి, బద్దను దాని సహజమైన వంపునకు విడుచును. ఒక చూపులో గీత మారినచో మిగిలిన రెంటిలోను మార్చవలెను. మూడును ఏకీభవించువరకు పని ముగియదు. గీచినది పలకల వెలుపలి ఆకారమైనచో, పలక మందమును తీసివేసి, వంపుకొయ్యల అచ్చులను పలుచని చెక్కతో కోయుదురు. ఇది మరచినచో పడవ ఇరుప్రక్కల ఆ మందము మేరకు లావగును.

దీనికి కొన్ని దినములు పట్టును. అయినను గీతను చెరిపి మరల గీయవచ్చును. తప్పుగా కోసిన టేకు మరల అతుకదు. నేడు తీరమున ఫైబరు పడవలు హెచ్చినవి. వానిని పోయు మూసకు సైతము సాధారణముగా ముందొక నమూనా ఆకారమును ఇంతే శ్రద్ధతో తీర్చవలసియుండును.

పంచాయతీలు చేయదగినవి మూడు కలవు. తూర్పుతీరమున యాంత్రిక పడవలకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధము. ఆ దినములలో సామాజిక భవనపు నేలను మేస్త్రీలకు ఈయవలెను. తీసిన అచ్చులకు సంఖ్యలు వేసి, తడి తగులని గదిలో భద్రపరచవలెను. మరియొక పడవకును, తుపానులో విరిగిన పడవ మరమ్మతునకును అవియే పనికివచ్చును. గీయుచున్నప్పుడు గ్రామ యువకులను ఇద్దరు ముగ్గురిని మేస్త్రీ చెంత నిలుపవలెను.

మీ తదుపరి సమావేశమునకు గ్రామములోని పెద్ద మేస్త్రీని ఆహ్వానించి, ఈ విషయమై ఆయన మాట వినుడని కోరుచు సెలవు తీసుకొనుచున్నాను.