పాత బొమ్మలకు కొత్త రంగులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది పచ్చడి రుచి ఇంకా నోట ఉండగానే రంగుల మాట ఎత్తుతున్నందుకు మన్నించాలి. నలుపు తెలుపు ఛాయాచిత్రాలకు కంప్యూటరు మీద రంగులద్దడం మాకు కొంతకాలంగా వ్యసనమైంది. అందులోనూ రెండవ ప్రపంచ యుద్ధంలో యుద్ధ విమానాలు నడిపిన వారి చిత్రాలంటే మరీ మక్కువ. బుగ్గలకు రంగు పడేసరికి, వారు మన ఇళ్లలోని కుర్రవాళ్ల ఈడు వారేనని మనసుకు తడుతుంది.

అయితే ఈ పనిలో మేము ఒక పెద్ద పొరపాటు చేశాము. 1944లో బర్మా రంగంలో మన భారత వైమానికులు నడిపిన హరికేన్ విమానం చిత్రం ఒకటి మా చేతికి వచ్చింది. ఆ కాలపు బ్రిటిషు విమానాలపై వలయపు గుర్తు నడుమ ఎరుపు ఉంటుందని విన్నవాళ్లం. చక్కగా ఎరుపు అద్దాము. చూచిన వారందరూ మెచ్చుకున్నారు.

తరువాత చదివితే అసలు సంగతి తెలిసింది. జపాను విమానాల గుర్తు ఎర్రని సూర్యబింబం. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేసినవి ఆ విమానాలే. ఎరుపు కనబడితే తమ వారే పొరబడి కాల్చుతారని, బర్మా రంగంలో ఆ రంగు తీసివేసి ముదురు నీలం, లేత నీలం మాత్రమే ఉంచారు. మేము సొగసుకని పెట్టిన ఎరుపు, ఆనాడు ఆ వైమానికుని ప్రాణం తీయగల ఎరుపు!

ఫిలిం వెలుగునీడలను పట్టుకుంటుంది గాని రంగును కాదు. ఆర్థోక్రొమాటిక్ అనే పాతరకం ఫిలిం మీద ఎరుపు దాదాపు నల్లగా, నీలం వెలిసినట్లుగా పడుతుంది. కనుక కంప్యూటరు వేసే రంగు కూడా ఊహే. నిజం చెప్పవలసినవి ఆనాటి కాగితాలు, ఆనాటి మనుషులు. ఇంఫాల్ పోరులో ఒకటవ స్క్వాడ్రన్‌ను నడిపిన అర్జన్ సింగ్ గారు 2017లో కన్నుమూశారు. అడగదగిన వారు ఒక్కరొక్కరే వెళ్లిపోతున్నారు.

మన ఇళ్లలోనూ అంతే. పెద్దలు ఈ ఊరు వచ్చిన కొత్తలో తీయించుకున్న ఫొటో గోడమీద ఉంటుంది. అందులో అమ్మమ్మ కట్టిన చీర రంగు అమ్మమ్మకే తెలుసు. రంగు వేయకముందే ఆమెను అడగండి. ఆమె చెప్పిన మాట తెలుగులోనే వ్రాసి ఫొటోతో భద్రపరచండి. పాత బొమ్మను పారవేయకండి. రంగుల బొమ్మ దాని నకలేనని పిల్లలకు చెప్పండి.

ఈ కొత్త సంవత్సరంలో ఈ చిన్న పని ప్రతి ఇంటా జరగాలని కోరుతూ, సెలవు.