లెక్క వ్రాసే చేయి: ఒక చిన్న వాణిజ్య కళాశాల నేర్పిన పాఠాలు

(చెల్పూర్‌లో మైనారిటీ విద్యపై జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



వాణిజ్య విద్య గురించి మాట్లాడమని నన్ను ఆహ్వానించారు. నేను ఆచార్యుణ్ణి కాను. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రాలు నడిపిన గుమాస్తాను. అందువల్ల సిద్ధాంతాల జోలికి పోకుండా, నేను దగ్గర నుండి చూసిన ఒక చిన్న ప్రైవేటు కళాశాల పుట్టుక, పెరుగుదల, ముగింపు మీ ముందు ఉంచుతాను. దాని పేరు చెప్పను. ఒకరిని నిందించడం నా ఉద్దేశం కాదు. ఆ కథలో మనకు పనికివచ్చే పాఠం ఉన్నదని మాత్రమే నా నమ్మకం.

1979లో హనుమకొండలో ఒక బట్టల దుకాణం మేడమీద రెండు గదుల్లో ఆ సంస్థ మొదలైంది. అప్పుడది కళాశాల కాదు, టైపు ఇన్‌స్టిట్యూట్. ఎనిమిది పాత రెమింగ్టన్ యంత్రాలు, ఒక నల్లబల్ల, గోడకు ఒక గడియారం. ఒక్కొక్కరికి రోజుకు ఒక గంట. లోయర్ పరీక్షకు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45 మాటలు కొట్టగలగాలి. వేగం సరిపోయినా తప్పులు మించితే ఫలితం సున్నా. సాయంత్రం పిట్‌మన్ పద్ధతిలో షార్ట్‌హ్యాండ్ చెప్పేవారు. నేనూ అక్కడే నేర్చుకున్నాను. ఆనాడు మావంటి వారికి ప్రభుత్వ కొలువుకు ఆ ధ్రువపత్రమే నిచ్చెన. జీతం కట్టలేని నెలలో యజమాని గారు, "ముందు పరీక్ష రాయి నాయనా, తరువాత చూద్దాం" అనేవారు. ఆ మాట మీదనే మాలో చాలామంది నిలబడ్డాం.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. మన దేశంలో వాణిజ్య విద్య తొలినుండి వ్యాపారుల చేయూతతో పెరిగింది. బొంబాయిలో 1913లో సిడెన్‌హామ్ వాణిజ్య కళాశాల వెలసింది. హైదరాబాదులో బద్రుకా కుటుంబం 1950లో వాణిజ్య కళాశాల స్థాపించింది. ముస్లింలూ వెనుకబడి ఊరుకోలేదు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ కృషితో 1947లో ఉస్మానియా కళాశాల ఏర్పడింది. తిరుచిరాపల్లిలో జమాల్ మొహమ్మద్ సాహెబ్, ఖాజామియాన్ రావుత్తర్ వంటి వర్తకుల దాతృత్వంతో 1951లో జమాల్ మొహమ్మద్ కళాశాల నిలిచింది. వ్యాపారంలో వచ్చిన సొమ్ము చదువుగా మారితే, ఆ చదువు మరల వ్యాపారాన్ని నిలబెడుతుంది. ఈ చక్రం మన ప్రాంతపు ముస్లింలలో సరిగా తిరగలేదు. మనలో దర్జీలు, మెకానిక్కులు, డ్రైవర్లు, పండ్ల బండ్ల వారు, దూదేకులవారు ఎక్కువ. ఉదయం నుండి రాత్రి వరకు చేసేది వ్యాపారమే. లెక్క మాత్రం ఇతరుల చేతిలో ఉంటుంది.

తిరిగి మన కథకు వస్తాను. 1990ల్లో కంప్యూటర్లు వచ్చాయి. యజమాని గారు టైపు యంత్రాలను ఒక మూలకు చేర్చి, నాలుగు కంప్యూటర్లు తెచ్చారు. కొన్నేళ్లకు టాలీ నేర్పడం మొదలైంది. పిల్లలు పెరిగారు. అద్దె భవనం తీసుకొని, కాకతీయ విశ్వవిద్యాలయం అనుబంధంతో బి.కాం. కళాశాల ప్రారంభించారు. అంతవరకు ఆ సంస్థ పెరిగింది పిల్లలు కట్టిన జీతాల మీద, యజమాని కష్టం మీద. ఎవరికి ఎంత నేర్పారో ఊరికి తెలుసు.

2007లో ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఆ తరువాతి సంవత్సరం నుండి బోధనా రుసుముల చెల్లింపు పథకం విస్తరించింది. ఈ రెండూ మన బిడ్డలకు పెద్ద మేలు చేశాయి. ఆటో నడిపేవాని బిడ్డ ఎం.బి.ఏ. చదవగలిగింది. ఇందుకు నేను సాక్షిని. కాని మన కథలోని కళాశాల అప్పుడే తోవ మార్చుకున్నది. పాత యజమాని గారు వృద్ధులై తప్పుకున్నారు. కొత్త నిర్వాహకులు ఎం.బి.ఏ. తెచ్చారు. భవనం పెరిగింది, బస్సులు వచ్చాయి. పిల్లవాడు ఏమి నేర్చాడు అనే ప్రశ్న వెనక్కు పోయి, ఎన్ని సీట్లు నిండాయి అనే లెక్క ముందుకు వచ్చింది. కళాశాల బ్రతుకంతా ఒకే రాబడి మీద ఆధారపడింది. ప్రభుత్వం నుండి సొమ్ము ఆలస్యమైన ప్రతిసారీ అధ్యాపకుల జీతాలు ఆగాయి. మంచివారు వెళ్లిపోయారు.

2019లో మన వైపు గ్రామానికే చెందిన ఒక బాలిక అక్కడ బి.కాం. పూర్తి చేసి, మరొకచోట పీజీ సీటు సంపాదించింది. సర్టిఫికెట్లు అడిగితే, ప్రభుత్వ బకాయి మీరే కట్టి తీసుకుపొండి అన్నారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టి ఉంచరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లోనే స్పష్టంగా చెప్పింది. ఆ ఉత్తర్వు ప్రతి పట్టుకొని నేను మూడుసార్లు తిరిగాను. కాగితాలు చేతికి వచ్చేసరికి చేరిక గడువు దాటిపోయింది. ఒక ఆడబిడ్డకు ఒక సంవత్సరం పోయిందంటే మన ఇళ్లలో దాని అర్థమేమిటో తల్లులకు తెలుసు. ఆ పిల్ల మరల పీజీకి పోలేదు. ఆమెను ఆ కళాశాలలో చేర్చమని తండ్రికి సలహా ఇచ్చినవాణ్ణి నేనే. టైపు గదుల నాటి మంచిపేరు చూసి చెప్పాను, లోపలి లెక్క చూడలేదు. ఆ కళాశాల ఇప్పుడు లేదు.

మిత్రులారా! రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించుకొని నడుపుకొనే హక్కు ఇచ్చింది. 2002లో టి.ఎం.ఏ. పాయ్ కేసులో పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ హక్కు వృత్తి విద్యకు కూడా వర్తిస్తుందని చెప్పింది. అదే తీర్పు, విద్యను లాభార్జన వ్యాపారం చేయరాదని కూడా చెప్పింది. మనం మొదటి మాట వేదికల మీద చదువుతాం, రెండవ మాట మరచిపోతాం. బోర్డు మీద మైనారిటీ అని వ్రాసుకున్నంత మాత్రాన సంస్థ మనది కాదు. మన బిడ్డకు దానివల్ల ఏమి ఒనగూరిందో అదే దాని గుర్తింపు. దేశంలో ముస్లిం పట్టభద్రుల శాతం ఎంత తక్కువో సచార్ కమిటీ 2006లోనే చెప్పింది. అంత తక్కువమందిలో ఒక్కరి సంవత్సరమైనా మన నిర్లక్ష్యం వల్ల పోరాదు.

ఇక చెల్పూర్ సంగతి. ఈ ఊరి పక్కన 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. భూపాలపల్లిలో సింగరేణి గనులున్నాయి. వాటి చుట్టూ గుత్తేదారులు, లారీలు, హోటళ్లు, దుకాణాలు పెరిగాయి. హాజరు పట్టీ, భవిష్యనిధి, సరుకు నిల్వల పద్దు, 2017 నుండి జీఎస్టీ రిటర్నులు, ఇవన్నీ ఎవరో ఒకరు వ్రాయవలసిందే. ఆ వ్రాసే చేయి మన పిల్లలది ఎందుకు కారాదు? ఖుర్ఆన్‌లో అతి దీర్ఘమైన ఆయతు, అల్ బఖరా సూరాలోని 282వది, నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు దానిని వ్రాసిపెట్టుకోవాలని, లేఖకుడు న్యాయంగా వ్రాయాలని, సాక్షులు ఉండాలని అది ఆదేశిస్తుంది. లెక్క వ్రాయడం మనకు పరాయి విద్య కాదు.

నా ప్రతిపాదన చిన్నది. భవనం వద్దు, బస్సు వద్దు. రెండు గదులు, నాలుగు కంప్యూటర్లు, సాయంత్రం రెండు గంటలు. జమాఖర్చు, టాలీ, జీఎస్టీ, తెలుగు, ఇంగ్లీషు టైపు నేర్పుదాం. ఆడపిల్లలకు వేరుగా ఒక గంట పెడదాం. హిందూ సోదరుల పిల్లలకూ తలుపు తెరిచే ఉంచుదాం. కట్టగలిగినవారు నెల జీతం కట్టాలి. కట్టలేని వారికి జకాత్ నుండి సాయం అందాలి. రాబడి, ఖర్చు ప్రతి నెలా మొదటి శుక్రవారం నోటీసు బోర్డు మీద పెట్టాలి. ఎవరి సర్టిఫికెట్టూ ఒక్క రోజు కూడా మన బీరువాలో ఉండరాదు. రెండేళ్లు ఇది నిజాయితీగా నడిస్తే, అప్పుడు కళాశాల మాట తలపెడదాం.

సర్టిఫికెట్ల కోసం సంవత్సరం పోగొట్టుకున్న ఆ బిడ్డ నేడు ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు వ్రాస్తోంది. ఈ తరగతికి బోధించడానికి వస్తావా అమ్మా అని మొన్న అడిగాను. "చాచా, ముందు రశీదు పుస్తకం అచ్చు వేయించండి, తరువాత వస్తాను" అన్నది. ఆ మాటకంటే మంచి సలహా నా దగ్గర లేదు. రశీదు పుస్తకాలు అచ్చయి వచ్చాయి. ఇవిగో, ఈ బల్లమీద ఉన్నాయి. మొదటి రశీదు నా పేరున వ్రాయించాను. రెండవది మీలో ఎవరిదో, సభ ముగిసేలోగా చెప్పండి.