వేసవి సెలవులు – బీరువాలోని పుస్తకములు

(సండే స్కూలు ఉపాధ్యాయుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శతవార్షికోత్సవ సంవత్సరములో పెద్దలు బడులను గురించి, ఆసుపత్రులను గురించి ఎంతో మాట్లాడిరి. మాకు అప్పగించిన అంశము చిన్నది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు వేసవి సెలవులలో ఏమి చదువవలెను అన్నదే అది. దానిని కొంచెము తిప్పి, చదువుటకు వారి చేతికి మనమేమి ఇచ్చుచున్నామని అడుగుటకు సెలవిండు.

ఈ మూడు తరగతులే ఎందుకు? అయిదవ తరగతి వరకు పిల్లవాడు చదువుట నేర్చుకొనును. ఆరు నుండి చదివి నేర్చుకొనవలెను. సాంఘికశాస్త్రము, సామాన్యశాస్త్రము పెద్ద పెద్ద వాక్యములతో వచ్చి మీద పడును. పదవ తరగతి వానికి పబ్లిక్ పరీక్ష ఉన్నది గనుక ఇల్లంతయు వాని చుట్టూ తిరుగును. చిన్నవారిని ఒడిలో కూర్చుండబెట్టుకొని అక్షరములు దిద్దించెదము. నడిమి వారిని మాత్రము ఎవరును పట్టించుకొనరు. తొమ్మిదవ తరగతిలో “నాకు సైన్సు రాదండి” అనువారిలో పెక్కుమందికి రానిది సైన్సు కాదు, చదువుట.

మా పాస్టరేటు గ్రామములలో మేము చూచిన సంగతి ఒకటి చెప్పెదము. ఏడవ తరగతి పిల్లవాడు కంఠతా పట్టిన కీర్తనను పుస్తకము తెరచి గడగడ అప్పజెప్పును. తల్లి మురిసిపోవును. మెల్లగా నాలుగు పుటలు తిప్పి “ఇక్కడ చదువు నాయనా” అన్నప్పుడు వాని వ్రేలు మొదటి మాట దగ్గరనే ఆగిపోవును. వాడు మందమతి కాడు. హాస్టలులో ఉన్నన్నాళ్ళు పాఠ్యపుస్తకమైనను వాని ఎదుట ఉండెను. ఏప్రిలు చివర పెట్టె సర్దుకొని ఇంటికి వచ్చిన తరువాత జూను రెండవ వారము వరకు, అనగా ఇంచుమించు ఏడు వారములు, వాని కంటబడిన అచ్చు గోడమీది సినిమా పోస్టరు, ఎరువుల బస్తా, ఇప్పుడైతే చేతిలోని ఫోను. అంతే.

బార్బరా హేన్స్ అను అమెరికా సామాజిక శాస్త్రవేత్త అట్లాంటా నగరములో సరిగా ఈ ఆరు, ఏడు తరగతుల పిల్లలనే పరిశీలించి 1978లో ఒక గ్రంథము ప్రకటించెను. బడి జరుగు నెలలలో కలిగినవారి పిల్లలకును, లేనివారి పిల్లలకును చదువులో ఎడము అంతగా పెరుగదట. ఆ ఎడము ఎక్కువగా పెరుగునది వేసవిలో. ఆ సెలవులలో పిల్లలకు అన్నిటికంటె ఎక్కువ మేలు చేసినది పుస్తకములు చదువుటయేనని ఆమె కనుగొనెను. ఊరు వేరు, భాష వేరు. అయినను మన పేటలలో దీనిని కాదనగలవారు ఉన్నారా?

అయితే ఎట్టి పుస్తకములు? ఇక్కడ పెద్దలమైన మనకు కొంచెము కష్టముగా ఉండు మాట చెప్పవలసియున్నది. పుస్తకమును పిల్లవాడే ఎన్నుకొనవలెను. రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాంజెన్ అను ఇద్దరు విద్యావేత్తలు ఫ్లోరిడాలో చిన్న తరగతుల బీద పిల్లలకు ప్రతి వేసవికి 12 పుస్తకముల చొప్పున మూడు వేసవులు ఉచితముగా ఇచ్చి చూచి, 2010లో ఆ ఫలితములను ప్రకటించిరి. పిల్లలే పుస్తకములను ఏరుకొనిరి. ఏరుకొన్నవాటిలో పాటగాండ్రను, తారలను గురించినవి చాలా ఉండెను! ఐనను వారి చదువు మెరుగుపడెను. వేసవి బడికి పంపినంత ఫలితము కలిగెనట. మన ఊరిలో అయితే ఆ పుస్తకములు చూచి కమిటీవారు ముఖము చిట్లించుకొని ఉందురు.

కనుక నీతి పుస్తకములు మాత్రమే ఇచ్చెదమని పట్టుపట్టకుడి. మర్యాద రామన్న తీర్పులు, తెనాలి రామకృష్ణుని కథలు, పరమానందయ్య శిష్యుల కథలు ఉండనిండు. ముళ్ళపూడి వెంకటరమణగారి ‘బుడుగు’ చదివి నవ్వని పిల్లవానిని మేమింకను చూడలేదు. సత్యం శంకరమంచిగారి ‘అమరావతి కథలు’ చిన్న చిన్నవి. ఎనిమిదవ తరగతి వాడు వాటిలో కొన్నిటిని మధ్యాహ్నపు ఎండ తగ్గులోపల ముగించగలడు. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి వ్రాసిన పుస్తకము తెలుగులో ‘రైలుబడి’ పేరుతో వచ్చినది. రైలు పెట్టెలే తరగతి గదులైన బడి అది. బడిలో చేరవచ్చిన చిన్నపిల్ల చెప్పు కబుర్లను ఆ హెడ్‌మాస్టరు నాలుగు గంటలపాటు విసుగు లేకుండ వినెను. ఆ పుట పిల్లలకంటె మన ఉపాధ్యాయులు ముందు చదువవలెనని మా కోరిక. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ ఇప్పుడు అచ్చు కావడము లేదు. ఎవరి అటక మీదనైన పాత సంచికల కట్ట ఉన్నయెడల, దానిని చిత్తు కాగితములవానికి తూకమునకు వేయకుడి.

“కథల పుస్తకాలు చదివితే మార్కులొస్తాయా అయ్యగారూ?” అని ఒక తల్లి మమ్ము సూటిగా అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. కూలికి పోయి ఫీజు కట్టుచున్న తల్లి ఆమె. “అమ్మా, లెక్కల పరీక్షలో గూడ ప్రశ్న చదివి అర్థము చేసికొన్న తరువాతనే గదా లెక్క చేసేది” అని చెప్పితిమి. ఆమె వెంటనే ఒప్పుకొనలేదు. ఏడవ తరగతి పిల్లవానిని మే నెల ఎండలో ఫౌండేషను కోర్సుకు పంపుచున్నవారు ఆమెకంటె చదువుకొన్నవారే. వారితో వాదించుట ఇంకను కష్టము.

డబ్బు ఎక్కడిదందురా? ఇంటి పన్నుతోబాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనమందరము చెల్లించుచునే యున్నాము. శాఖా గ్రంథాలయము ఉన్న ఊరివారు పిల్లవాని చేయి పట్టుకొని ఒక్కసారి లోపలికి తీసికొనిపోండి. లేని ఊళ్ళ సంగతి వేరు. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు జిల్లాలో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువమీద పడవలో గ్రంథాలయము నడిపించిరి. కాలువ గట్టున నిలిచిన రైతులకు, కూలీలకు పుస్తకము అందివచ్చెను. మనకు పడవ అక్కరలేదు. మన గుడులలో చాలచోట్ల, వస్త్రములు మార్చుకొను గదిలో, అద్దాల బీరువా ఒకటి ఉన్నది. దాతల పేర్లు చక్కగా వ్రాసియుండును. లోపల ‘యాత్రికుని ప్రయాణము’ మొదలు బొమ్మల పుస్తకముల వరకు ఉండును. తాళమును ఉండును.

ఆ తాళము మే నెలలో వారమునకు రెండు సాయంకాలములు తీయవలెనని మా మనవి. వెకేషన్ బైబిలు స్కూలు పది దినములలో ముగిసిన తరువాత గూడ తీయవలెను. ఏ సంఘమువారి పిల్లలని అడుగకుడి, వచ్చిన ప్రతి పిల్లకు ఇవ్వుడి. ఒక నోటుబుక్కులో పేరు, పుస్తకము, తేదీ వ్రాసికొన్న చాలును. పరీక్ష పెట్టవద్దు, సారాంశము వ్రాసి తెమ్మనవద్దు. నచ్చనిది సగములో మూసివేసి వేరొకటి అడిగినచో ఇవ్వుడి. కొన్ని చినుగును, ఒకటి రెండు తిరిగి రావు. వాటికి జరిమానా వేసినయెడల మరునాటి నుండి ఎవరును రారు.

బీరువా తాళపుచెవి చాలచోట్ల కోశాధికారిగారి యింట ఉన్నది. వారు మే నెలలో కుమార్తె యింటికి హైదరాబాదు వెళ్ళుదురు. కావున ఏప్రిలు కమిటీలోనే, ఆ రెండు నెలలు తాళపుచెవి ఏ ఉపాధ్యాయిని వద్ద ఉండవలెనో తీర్మానము వ్రాసికొనుడి.