పాత ట్రక్కు అద్దానికి కొత్త రబ్బరు

అమెరికాలో 1947లో వచ్చిన షెవ్రొలే పికప్‌ ట్రక్కులను ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1954లో వీటికి ముందున్న రెండు ముక్కల అద్దం పోయి, ఒకటే వంపు అద్దం వచ్చింది. దాన్ని పట్టి ఉంచేది చుట్టూ ఉండే రబ్బరు పట్టీ. ఎండకు, గాలిలోని ఓజోన్‌కు అది బిగుసుకుపోయి బీటలు వారుతుంది. నీళ్లు దిగి రేకు అంచు తుప్పు పడుతుంది.

పాత రబ్బరును బలవంతంగా పీకొద్దు, బ్లేడుతో కోసెయ్యండి. తుప్పు గీకి, ప్రైమరు, రంగు వేసి బాగా ఆరనివ్వండి. చాలామంది తొందరపడేది ఇక్కడే. తుప్పు మీద ఎంత మంచి రబ్బరు వేసినా నీరు కారుతుంది.

కొత్త రబ్బరు కాసేపు ఎండలో ఉంటే మెత్తబడుతుంది. దాన్ని అద్దానికి తొడిగి, రేకు కూర్చునే గాడిలో సన్నని నైలాన్‌ తాడు చుట్టూ దూర్చి, కొసలు కింద మధ్యలో క్యాబిన్‌ లోపలికి వదలాలి. సబ్బునీళ్లు రాయండి. గ్రీజు మాత్రం వద్దు, రబ్బరు ఉబ్బిపోతుంది. ఒకరు బయటి నుంచి అరచేత్తో అద్దాన్ని నొక్కుతుంటే, లోపలున్నవాళ్లు తాడును మెల్లగా లాగాలి. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు అంచు రేకు మీదుగా లోపలికి తిరుగుతుంది. మూలల దగ్గర ఇంకా నిదానం కావాలి, అద్దం పగిలేది అక్కడే. బిగించాక పైపుతో నీళ్లు కొట్టి, డాష్‌బోర్డు కింద చేత్తో తడిమి చూడండి.