సమాఖ్యకు ఒకే భాష కావలెనా?

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఈ డెబ్బది అయిదేండ్ల పండుగనాడు పాఠశాల చరిత్రను నాకంటె పెద్దలు చెప్పనున్నారు. నేను మరొక విషయం ప్రస్తావింపదలచాను. పలు భాషల ప్రజలు, పలు రాజ్యాలు ఒక్కటిగా బ్రతకాలని నిర్ణయించుకొన్నప్పుడు అందరికీ ఒకే భాష ఉండవలెనా? ఇది ఎక్కడో ఢిల్లీలోనో, ఐరోపాలోనో తేల్చుకోవలసిన ప్రశ్న అనిపించవచ్చు. కాని ఇంట తెలుగు, తాలూకా కచేరిలో కన్నడం, టెలివిజన్‌లో హిందీ, ఉద్యోగానికి ఇంగ్లీషు, ఈ నాలుగింటి నడుమ పెరిగే బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం పిల్లలకు ఇది దినదినమూ ఎదురయ్యే ప్రశ్న.

ముందుగా లోకానుభవాన్ని చూద్దాం. ఐరోపా దేశాలు కొన్ని ఆర్థిక సమాజంగా ఏర్పడినప్పుడు, 1958లో అవి చేసుకొన్న మొదటి నిబంధనే భాషలను గురించినది. అప్పుడు డచ్చి, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్ అనే నాలుగు అధికార భాషలు. నేడు ఐరోపా సమాఖ్యలో 27 దేశాలు, 24 అధికార భాషలు ఉన్నాయి. పౌరుడు ఆ 24లో దేనిలో ఉత్తరం వ్రాసినా అదే భాషలో జవాబు పొందే హక్కు ఉన్నది. అయితే కార్యాలయాలలో నిత్యం జరిగే పని రెండు మూడు భాషలలోనే సాగుతున్నది. బ్రిటన్ 2020లో సమాఖ్యను విడిచిపోయినా ఇంగ్లీషు అక్కడ నిలిచే ఉన్నది. అనగా ఉద్యోగులు తమ సౌలభ్యం కోసం కొన్ని భాషలు ఎన్నుకొన్నారు. పౌరుని హక్కును మాత్రం ఆ సౌలభ్యానికి లోబరచలేదు.

ఇండోనేషియా మార్గం వేరు. 1928లో అక్కడి యువజనులు దేశానికి ఒక ఐక్యభాష ఉండాలని ప్రతిజ్ఞ చేశారు. జావా భాష మాట్లాడేవారే అందరికంటె అధికులు. అయినా దానిని కాక, రేవు పట్టణాలలో వర్తకులు వాడుతూ వచ్చిన మలయ్ భాషను ఆధారంగా తీసుకొన్నారు. పెద్దవాడు తన భాషను ఇతరులపై రుద్దలేదు. కనుకనే ఆ భాష నిలిచింది.

దీనికి విరుద్ధమైనది పాకిస్తాను కథ. ఉర్దూ ఒక్కటే రాజభాష అని 1948లో అక్కడి పాలకులు ప్రకటించారు. సంఖ్యలో అధికులైన బెంగాలీలు సమ్మతించలేదు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులు తుపాకి గుండ్లకు బలి అయ్యారు. 1971లో ఆ దేశం రెండు ముక్కలైనదంటే, తక్కిన కారణాలు ఎన్ని ఉన్నా, మొదటి పగులు భాష దగ్గరే ఏర్పడింది. ఆ ఫిబ్రవరి 21నే మాతృభాషా దినోత్సవంగా పాటించాలని 1999లో యునెస్కో నిర్ణయించింది.

ఇక మన దేశం. భారతదేశం రాష్ట్రాల సమాఖ్య అని మన రాజ్యాంగం మొదటి అధికరణమే చెబుతున్నది. హిందీని కేంద్రప్రభుత్వపు అధికార భాషగా 343వ అధికరణం పేర్కొన్నది. పదిహేనేండ్ల పాటు ఇంగ్లీషు కొనసాగవచ్చునన్నది. ఆ గడువు ముగిసిన 1965లో మద్రాసు రాష్ట్రంలో తీవ్రమైన ఆందోళన చెలరేగింది. హిందీని స్వీకరించని రాష్ట్రాలు కోరినంతకాలం ఇంగ్లీషు కూడా ఉండేటట్లు 1967లో చట్టాన్ని సవరించారు. హిందీ మన జాతీయ భాష అని పిల్లలు వ్యాసాలలో వ్రాస్తుంటారు. రాజ్యాంగంలో ఆ మాట లేదు. 14 భాషలతో మొదలైన ఎనిమిదవ షెడ్యూలులో నేడు 22 భాషలున్నాయి.

ఇంతవరకు చెప్పినది అందరికీ నచ్చే మాటే. మా భాష మాకుండనీయండి అని ఢిల్లీని అడగడం సులభం. ఆ న్యాయాన్నే మన ఇంటి గుమ్మం వద్ద నిలిపి చూసుకోవాలి. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు నాటి కోలారు జిల్లా మైసూరు రాష్ట్రంలోనే నిలిచింది. 2007లో అందులో నుండే చిక్కబళ్ళాపురం జిల్లా ఏర్పడింది. ఈ నేలకు రాజభాష కన్నడం. కన్నడిగులు తమ భాషకు ఇక్కడ ప్రథమస్థానం కోరడం, మనం తెలుగుకు గౌరవం కోరడం ఒకే న్యాయానికి రెండు ముఖాలు. 2015లో కర్ణాటక ప్రభుత్వం ప్రతి పాఠశాలలోనూ కన్నడం నేర్పవలెనని చట్టం చేసింది. దానిని భారమని గొణుగుకోవడం మనకు తగదు. ఉత్తీర్ణతకు చాలినన్ని మార్కుల కన్నడంతో తృప్తిపడితే, పొలం పత్రం చదవడానికి కూడా రేపు మన బిడ్డ ఇంకొకరి చేయి పట్టుకోవలసి వస్తుంది.

కన్నడం మనకు పరాయిది కాదు. రెండు లిపులూ ఒకే మూలం నుండి వచ్చినవి. చింతామణి తాలూకా కైవారంలో వెలసిన నారేయణ యోగి, మన కైవారం తాతయ్య, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు చెప్పారు. చిక్కబళ్ళాపురం దాపున ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పూర్వులు ఆంధ్రదేశంలోని మోక్షగుండం నుండి వచ్చినవారు. ఆ తెలుగింటి బిడ్డ మైసూరు దివానుగా ఉన్నప్పుడే, 1915లో, ఆయన ప్రోత్సాహంతో కన్నడ సాహిత్య పరిషత్తు వెలసింది. ఇంటి పేరులో తెలుగు ఊరిని మోస్తూనే ఆయన కన్నడానికి సేవ చేశారు.

అయితే తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒకటున్నది. "అమ్మా, ఇన్ని భాషల బరువు పిల్లవాడిపై ఎందుకు? మొదటి నుండి ఇంగ్లీషు ఒక్కటే చెప్పిస్తే చాలదా?" ఇది అర్థం లేని ప్రశ్న కాదు. బిడ్డ బెంగుళూరులో ఉద్యోగం చేయాలని కోరుకోవడం తప్పు కాదు. కాని ముప్పది ఏండ్లుగా పలకలు దిద్దించిన అనుభవంతో ఒక మాట మనవి చేస్తాను. టమాట నారును మడిలో పెంచి, వేరు బలపడిన తరువాతనే పొలంలో నాటుతాము. గింజను నేరుగా ఎండ పొలంలో చల్లి కాపు రాలేదని విలపించము. పిల్లవాడు అక్షరానికీ అర్థానికీ ఉన్న సంబంధాన్ని తెలిసిన భాషలో ఒక్కసారి పట్టుకొంటే చాలు. తరువాత కన్నడ అక్షరాలు కొన్ని వారాల పని. ఇంగ్లీషు వాక్యం కూడా అర్థమై నిలుస్తుంది. అర్థం కాని భాషలో మొదలుపెట్టిన బిడ్డ పాఠం ఒప్పజెప్పగలడు, ప్రశ్న అడగలేడు.

చింతామణి మండీకి వెళ్ళి చూడండి. టమాట బేరం తెలుగులో మొదలై కన్నడంలోకి జారి, దూరపు వ్యాపారి వస్తే హిందీలో ముగుస్తుంది. ఒకే భాషలో బేరమాడాలని అక్కడ ఎవరూ శాసించలేదు. అయినా సరకు ఆగలేదు. సమాఖ్యకు కావలసినది ఆ నేర్పు. ఉమ్మడి భాష ఒకటో రెండో ఉండవచ్చు. అవి మనకు అదనంగా చేరాలి. మన భాషను వదులుకొంటేనే లోపలికి ప్రవేశమనే షరతు ఉండరాదు.

చివరగా మన బాధ్యత. రాజ్యాంగం 350ఏ అధికరణం భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన వసతులు కల్పించే బాధ్యతను రాష్ట్రాలపై ఉంచింది. 1949లోనే విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: పాఠశాలలో నలుబది మంది గాని, తరగతిలో పది మంది గాని ఉంటే వారి భాషలో బోధించే ఉపాధ్యాయుని నియమించాలి. ఏ మాధ్యమంలో చదివించాలో ఎన్నుకొనే హక్కు తల్లిదండ్రులదేనని 2014లో, కర్ణాటకకు చెందిన వ్యాజ్యంలోనే, సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కనుక ఉపాధ్యాయుని ఇవ్వవలసినది ప్రభుత్వమైనా, ఆ పది మందిని ఇవ్వవలసినది మీరే. మన ప్రవేశాల పుస్తకంలో ఒకటవ తరగతి పేజీ ఏటేటా కురచబడుతున్నది. ఏ శాసనమూ మన తెలుగు తరగతిని మూసివేయలేదు. బెంచీ ఖాళీ అయితే అది దానంతట అదే మూతపడుతుంది.

అందుచేత తల్లిదండ్రులకు నా విన్నపం: బిడ్డ తొలి అక్షరాలు తెలుగులో దిద్దించండి, కన్నడంలో తోటి కన్నడ బిడ్డకు తీసిపోకుండా చూడండి. పూర్వ విద్యార్థులారా, ఇక్కడ చదివి డాక్టర్లు, ఇంజనీర్లు, రైతులు, గుమాస్తాలు అయినవారు మీరు. ప్రవేశాల సమయంలో ఒక్క దినం వచ్చి, తెలుగులో చదివి ఏమి పోగొట్టుకొన్నారో, ఏమి పొందారో మీ నోటితోనే ఆ తల్లిదండ్రులకు చెప్పండి. నా మాటకంటె మీ బ్రతుకే వారికి నమ్మదగిన సాక్ష్యం.