కేస్ షీటులో రాయని ఉద్యోగం

(బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగు విద్యార్థులు, పరిశోధకులు కలిసిన ఒక చిన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బతకడం గురించి మాట్లాడమన్నారు. నేను డాక్టర్ని కాదు. రైల్వే కార్మికుల చరిత్ర మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మా పెదనాన్న లోకో షెడ్డులో ఖలాసీగా చేరి ఫిట్టరుగా రిటైరయ్యాడు. నాలుగో దశ క్యాన్సర్‌తో ఇది ఆయనకు మూడో ఏడు. ఆసుపత్రికి ఫైలు మోసేదీ, డాక్టరు హిందీలో చెప్పింది ఆయనకు తెలుగులో చెప్పేదీ నేనే. అక్కడ చూసిందే ఇక్కడ చెప్తాను.

ఏ ఓపీకి వెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే: బీడీ తాగుతావా? పెదనాన్న తాగేవాడు, దాచలేదు. అది కేస్ షీటులోకి ఎక్కింది. నలభై ఏళ్ళు ఏం పని చేశావని మాత్రం ఎవరూ అడగలేదు. వృత్తి దగ్గర 'రిటైర్డ్ రైల్వే' అని రాసుకున్నారు. స్టేషన్ మాస్టరూ రిటైర్డ్ రైల్వేనే, బాయిలరు గీకినవాడూ రిటైర్డ్ రైల్వేనే. ఇద్దరూ పీల్చిన గాలి మాత్రం ఒకటి కాదు.

ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎందుకున్నారో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1887లో బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఏర్పడింది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా లైను పడింది. 1931లో రాయపూర్-విజయనగరం లైను పూర్తయింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు పల్లెల నుంచి కూలికొచ్చినవాళ్ళు తోర్వా, తార్‌బహార్, బుధవారీ బజార్ చుట్టూ ఉండిపోయారు. అయితే వచ్చినవాళ్ళలో ఎవరికి ఏ పని దొరికిందన్నది అసలు ప్రశ్న. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జీఐపీ రైల్వే అణగారిన వర్గాల కార్మికుల సభలో బాబాసాహెబ్ మాట్లాడింది దాని గురించే. అంటరాని కులాల కార్మికుడు గ్యాంగ్‌మన్‌గా చేరి గ్యాంగ్‌మన్‌గానే మిగిలిపోతున్నాడని, పోర్టరు ఉద్యోగం కూడా ఇవ్వడం లేదని ఆయన ఎత్తిచూపారు. పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పనిచేయాలి, అంటరానివాణ్ణి ఇంట్లోకి రానివ్వరు, అందుకని. ఆ ప్రసంగంలో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం ఇద్దరు శత్రువులు అన్న మాటనే మనం ఎక్కువగా గుర్తుపెట్టుకున్నాం. నాకైతే ఈ పోర్టరు సంగతే ఎక్కువ పనికొచ్చింది. కులం పనిని నిర్ణయిస్తే, ఆ పని ఊపిరితిత్తుల్లోకి ఏం వెళ్ళాలో నిర్ణయిస్తుంది.

ఏం వెళ్ళింది? ఆవిరి ఇంజన్ల కాలంలో బాయిలరుకు వేడి పోకుండా రాతినార చుట్టేవాళ్ళు. మరమ్మతు వస్తే దాన్ని చేత్తో పీకేవాళ్ళు. తర్వాత బ్రేకు బ్లాకుల్లో కూడా రాతినార వాడారు. డీజిల్ ఇంజన్లొచ్చాక షెడ్డు నిండా డీజిల్ పొగ. ఆ పొగ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. రాతినారకు అదే ముద్ర అంతకు చాలాముందే పడింది. రాతినార పీల్చాక జబ్బు బయటపడడానికి ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళు పట్టొచ్చు. అంటే ఉద్యోగంలో ఉన్నంతకాలం మనిషి బాగానే ఉంటాడు, పెన్షన్‌లోకి వచ్చాక దగ్గుతాడు. నేను బీడీని వెనకేసుకురావడం లేదు. రాతినారా, పొగాకూ కలిస్తే ముప్పు కూడికలా కాదు, హెచ్చవేతలా పెరుగుతుంది. కానీ ఆ రెండింట్లో ఒకటే కేస్ షీటులో ఉంటే, తప్పంతా కార్మికుడి నోటిదే అవుతుంది.

దీనికి చట్టం లేకపోలేదు. 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలులో రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్ వృత్తి వ్యాధిగా ఉండేది. రాతినార కార్మికుల కేసులో 1995 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డునూ చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానాక 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం ఉంచాలంది. అది రాతినార పరిశ్రమల గురించి ఇచ్చిన తీర్పు. షెడ్డులో పెదనాన్నలాంటి వాళ్ళ రికార్డు ఎవరి దగ్గరుందో మీరే వెతకండి.

ఇక వైద్యం. పెదనాన్నకు మొదట ఆరునెలలు టీబీ మందులు వాడారు. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. దేశంలో చాలామందికి ఇదే జరుగుతోంది. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ఎక్స్‌రేలో మచ్చ కనబడితే ముందు దాన్నే అనుమానించడం తెలివితక్కువ పనేం కాదు. అయితే కళ్ళె పరీక్షలో క్రిమి దొరక్కపోయినా, మందులు వాడుతున్నా మచ్చ తగ్గకపోయినా, ఇంకా అవే మందులు నడిపించడం తప్పు. అప్పుడు సీటీ, బయాప్సీ అడగాలి. రోగి అడగొచ్చు.

బయాప్సీ తర్వాత ఇంకో పరీక్ష ఉంటుంది. ముక్కలో ఈజీఎఫ్ఆర్, ఆల్క్ లాంటి జన్యుమార్పులు ఉన్నాయేమో చూస్తారు. ఈజీఎఫ్ఆర్ ఉంటే రోజుకో మాత్ర: జెఫిటినిబ్. పెదనాన్నకు ఉంది. అక్కడ రెండు దారులు వచ్చాయి. ముంబయి టాటా మెమోరియల్ వాళ్ళు 350 మంది మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది. మాత్ర ఒక్కటే వాడినవాళ్ళలో జబ్బు సుమారు 8 నెలలు అదుపులో ఉంటే, మాత్రతో పాటు కీమో కూడా ఇచ్చినవాళ్ళలో 16 నెలలు ఉంది. కానీ తీవ్రమైన దుష్ప్రభావాలు 25 శాతం నుంచి 51 శాతానికి పెరిగాయి. ఇంత స్పష్టంగా లెక్క ముందుంటే ఎంచుకోవడం సులువనిపిస్తుంది కదా? కీమో అంటే మూడు వారాలకోసారి ప్రయాణం. గీతాంజలిలో ముంబయి, లేదంటే రాయపూర్. కూడా వెళ్ళేవాడికి కూలి పోతుంది. రైల్వే క్యాన్సర్ రోగికి స్లీపరులో, థర్డ్ ఏసీలో పూర్తి రాయితీ ఇస్తుంది, తోడు వెళ్ళేవాడికి 75 శాతం ఇస్తుంది. ముంబయిలో గది అద్దెకు రాయితీ లేదు. పెదనాన్న మాత్ర ఒక్కటే చాలన్నాడు. అది ఆయన నిర్ణయమేనని ఫైలులో ఉంది.

రాయపూర్‌లో ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం ఉన్న ప్రభుత్వాసుపత్రి పేరు డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్ స్మారక ఆసుపత్రి. జనం మాత్రం 'మెకాహారా' అంటారు. ఆటోవాడికి బాబాసాహెబ్ పేరు చెప్తే ఒక్క క్షణం ఆలోచిస్తాడు.

మాత్ర మొదలైన రెండో వారానికి ముఖం మీద, ఛాతీ మీద మొటిమల్లాంటి పొక్కులు వచ్చాయి. విరేచనాలు మొదలయ్యాయి. గోళ్ళ పక్కన చీము పట్టింది. ఇవన్నీ ఆ మందుకు తెలిసిన దుష్ప్రభావాలే. ఇది ఎర్రదనంగా మొదలవుతుందని చెప్తారు. నల్లటి ఒంటి మీద ఆ ఎరుపు అంతగా కనపడదు. తడిమితే గరుకుగా ఉండడం, మంట, దురద, వీటిని బట్టి పట్టుకోవాలి. డాక్టరు తలెత్తి, ఏమైనా ఇబ్బందా అని అడిగితే పెదనాన్న "ఠీక్ హై సాబ్" అన్నాడు. అప్పటికి రోజుకు ఏడెనిమిది సార్లు బయటికెళ్తున్నాడు. ఎందుకు చెప్పలేదంటే, "మాత్ర ఆపేస్తారేమోరా" అన్నాడు. సర్వీసంతా పైవాడి ముందు ఠీక్ హై సాబ్ అన్న మనిషి ఆసుపత్రిలో ఇంకోలా ఎలా మాట్లాడతాడు? చెప్పాక డాక్టరు కోప్పడలేదు. కొద్దిరోజులు మాత్ర ఆపి, విరేచనాలు తగ్గాక మళ్ళీ మొదలుపెట్టాడు. అలా ఆపి మొదలుపెట్టడం మామూలే.

అప్పటి నుంచి నోటుపుస్తకం పెట్టాం. 'కొంచెం విరేచనాలు' అని రాయం, అంకె రాస్తాం. వాడే మందులన్నీ రాస్తాం. ఇక్కడ ఒకటి గమనించండి: కడుపులో మంట తగ్గడానికి ప్రతివాళ్ళూ మింగే గ్యాస్ మాత్ర జెఫిటినిబ్ ఒంటికి పట్టకుండా చేయగలదు. కొత్తగా ఆయాసం, పొడిదగ్గు పెరిగితే మర్నాటిదాకా ఆగకూడదు. అరుదుగా మందే ఊపిరితిత్తులను వాచేలా చేస్తుంది. కీమో మీద ఉన్నవాళ్ళకు జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి పడుకోబెట్టడం కాదు, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్ళాలి.

ఏడాది దాటాక మాత్ర పనిచేయడం తగ్గింది. మళ్ళీ పరీక్ష చేసి ఒసిమెర్టినిబ్‌కు మార్చారు. 2024 బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం తీసేసిన మూడు క్యాన్సర్ మందుల్లో ఇదొకటి. అయినా సొంతంగా కొనాలంటే మామూలు ఇంటికి అందదు. పెదనాన్నకు రిటైర్డ్ ఉద్యోగుల వైద్య కార్డు ఉంది. ఇవాళ అదే యార్డులో బొగ్గుదుమ్ములో పనిచేసే కాంట్రాక్టు కుర్రాడికి ఆ కార్డు రాదు. ఆ కుర్రాళ్ళ కులాలేమిటో మీకు తెలుసు.

పాలియేటివ్ కేర్ గురించి కూడా చెప్పాలి. ఆ మాట వినగానే మా ఇంట్లో ఏడ్చారు, ఇంక తీసుకుపొమ్మన్నారనుకున్నారు. 2010లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులకు మొదటి నుంచే వైద్యంతో పాటు నొప్పి, ఆయాసం, దిగులు చూసే బృందాన్ని జతచేస్తే వాళ్ళు మెరుగ్గా బతికారు. అంతేకాదు, 8.9 నెలలకు బదులు 11.6 నెలలు బతికారు. నొప్పికి మార్ఫిన్ దొరకడం తేలిక చేయడానికి 2014లో మత్తుమందుల చట్టాన్ని సవరించారు. చట్టం మారినా మందుల షాపువాడి చూపు మారలేదు.

ఇంకొకరి ఊసు ఎవరూ ఎత్తరు. పెదనాన్న షెడ్డు బట్టలు నలభై ఏళ్ళు దులిపి ఉతికింది పెద్దమ్మ. రాతినార అలా ఇంటికి కూడా వస్తుంది. బట్టలుతికిన భార్యలకు జబ్బు వచ్చిన దాఖలాలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఆమె బొగ్గుపొయ్యి మీద వండింది కూడా. బీడీ ముట్టలేదు. ఆమె దగ్గును ఈ మధ్యే పరీక్ష చేయించాం. ఆ ఇంట్లో అడగాల్సింది ఒక్కరినే కాదని మాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

పోయిన నెల పెదనాన్నా నేనూ కూర్చుని ఒక పేజీ రాశాం. ఏ ఏడాది ఏ షెడ్డు, ఏ పోస్టు, చేత్తో ఏం ముట్టుకున్నాడు, ముక్కుకు గుడ్డ ఇచ్చారా లేదా. డాక్టరు చదివి ఫైలులో మొదటి కాగితంగా కుట్టించాడు. ఇలాంటి పేజీలు ఇంకా కావాలి. వచ్చే ఆదివారం నుంచి తోర్వాలో పాత షెడ్డు మనుషుల ఇళ్ళకు వెళ్తున్నాం. సర్వీసు కాగితాలు, పాత గేటు పాసులు తీసి ఉంచమని చెప్పండి. తెలుగు విని హిందీలో రాయగలిగినవాళ్ళు ముగ్గురు కావాలి.